మీరడిగారు: మిగ్-21కి సొంత రంగులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం విమానాల మోడళ్ల మీదే వచ్చాయి. కారణం ఊహించడం కష్టం కాదు, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మన వైమానిక దళం మిగ్-21 యుద్ధ విమానానికి వీడ్కోలు చెప్పినప్పటి నుంచి మనవాళ్లలో చాలామందికి ఆ విమానం మీద కొత్తగా ప్రేమ పుట్టుకొచ్చింది. ఒక ఉత్తరానికి మాత్రం పెద్ద జవాబే రాశాను, మిగతావాళ్లు కాస్త సర్దుకోండి.

ప్రశ్న: సార్, మా నాన్నగారు ఒడిశాలోని సునాబెడలో హెచ్‌ఏఎల్ (హిందుస్తాన్ ఏరోనాటిక్స్) ఇంజిన్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. మిగ్-21లో బిస్ అనే రకానికి వాడే ఆర్-25 ఇంజిన్ల మీద చాలా ఏళ్లు పనిచేశారు. వీడ్కోలు కార్యక్రమం టీవీలో వస్తుంటే ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఆయనకి 1:48 సైజులో (అసలు దానిలో 48వ వంతు) మిగ్-21 చేసి ఇద్దామనుకుంటున్నాను, మామూలు రంగులతో కాదు, గుర్తుగా ఉండేలా నేనే డిజైన్ చేసిన పెయింట్ స్కీమ్‌తో. తోక మీద మూడు రంగులు, వీపు మీద 1963–2025, ఒక రెక్క మీద పాంథర్, రెండో రెక్క మీద హెచ్‌ఏఎల్ లోగో, ముక్కు దగ్గర నాన్న పేరు, పొట్ట కింద తెలుగులో ఒక వాక్యం, ఇదీ ప్లాన్. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్నులాంటిది) ఉంది. కార్లు, ట్యాంకులు చేశాను, జెట్ ఇదే మొదటిది. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ముందు ఆ లిస్టులో సగం కొట్టేయండి. మిగ్-21 రెక్కల వెడల్పు ఈ చివర నుంచి ఆ చివరకి 7.15 మీటర్లు, అంటే 1:48లో సుమారు 15 సెంటీమీటర్లు. అందులో మీరు చెప్పినవన్నీ పెడితే పెళ్లి కారుకి పూలు కట్టినట్టే ఉంటుంది, కింద ఉన్న బండి ఏదో ఎవరికీ కనిపించదు. నిజం విమానాలకి అలా నిలువెల్లా రంగు వేసినవాళ్లు లేకపోలేదు. 2013లో జర్మనీ తన ఫాంటమ్ ఫైటర్ జెట్‌లకి వీడ్కోలు చెప్పినప్పుడు 37+01 నంబరు విమానానికి నీలం, బంగారు రంగులు వేసి "ముందొచ్చింది, చివర వెళ్తోంది" అనే అర్థంలో రాశారు. జపాన్ 302వ స్క్వాడ్రన్ ఒక ఫాంటమ్‌ని మొత్తం తెల్లగా, ఇంకోదాన్ని మొత్తం నల్లగా మార్చేసింది. బాగున్నాయి, కాదనను. కానీ వాటిని జనం రన్‌వే అవతల నుంచి, ఆకాశంలో చూస్తారు. మీది నాన్నగారు చేతిలో పట్టుకుని, కళ్లద్దాలు సర్దుకుని, జానెడు దూరం నుంచి చూసే వస్తువు. దానికి అరుపులు అక్కర్లేదు.

ఇంతకీ మీరు దేన్ని గుర్తు చేసుకుంటున్నారు? మిగ్-21నా, మీ నాన్నగారి ఇంజిన్‌నా? ఇది తేల్చుకుంటే డిజైన్ సగం అయిపోయినట్టే. మన దేశంలో ఈ విమానాలు తయారైనప్పుడు బాడీ నాసిక్‌లో, ఇంజిన్ కోరాపుట్ దగ్గర సునాబెడలో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో అయ్యేవి. వార్తల్లో పైలట్లు వస్తారు, విమానం వస్తుంది, సునాబెడ పేరు ఎప్పుడో గానీ రాదు. కాబట్టి నేనైతే ఆ విమానంలో ఇంజిన్ ఉన్న చోటికే జ్ఞాపకాన్ని తీసుకెళ్తాను.

మిగ్-21లో ఇంజిన్ మార్చాలంటే తోక భాగం మొత్తం, ఫిన్ (తోక మీద నిలువు రెక్క), పక్క తోకరెక్కలతో సహా, విప్పి ట్రాలీ మీద వెనక్కి లాగేస్తారు. అప్పుడే లోపలి ఇంజిన్ బయటికొస్తుంది. ఆ అతుకు రెక్కల వెనక అంచు దగ్గర్లో నడుము చుట్టూ గీతలా ఉంటుంది, మంచి కిట్‌లో ఆ గీత చెక్కి ఉంటుంది కూడా. మీ ప్రత్యేక రంగు సరిగ్గా ఆ గీత దగ్గర మొదలవ్వాలి. ముందు భాగమంతా చివరి రోజుల్లో బైసన్‌లు (ఆధునీకరించిన మిగ్-21లు) తిరిగిన బూడిద రంగు, కాస్త మాసి, అక్కడక్కడా వెలిసి. గీత వెనకంతా పెయింట్ లేని వెండి లోహం, 1963లో మొదటి మిగ్-21లు మన దేశానికి వచ్చినప్పుడు ఉన్నట్టు. ముందు 2025, వెనక 1963. ఏ వాక్యమూ రాయకుండానే అంతా చెప్పేసినట్టు. మీ నాన్నగారికి ఆ గీత ఎందుకు అక్కడుందో ఒక్క క్షణంలో అర్థమవుతుంది, చూడ్డానికొచ్చిన బంధువులకి ఆయనే వివరిస్తారు.

ఇక ఫిన్. ఎడమ పక్కన 28వ స్క్వాడ్రన్ గుర్తు పెట్టండి, 1963లో చండీగఢ్‌లో మిగ్-21లు మొదట తీసుకున్నది వాళ్లే, అందుకే "ఫస్ట్ సూపర్‌సోనిక్స్" అనే పేరు. కుడి పక్కన 23వ స్క్వాడ్రన్ పాంథర్, చివరిదాకా నడిపింది వాళ్లు. రెండు పక్కలూ ఒకేసారి ఎవరూ చూడరు కాబట్టి గందరగోళం ఉండదు. ఏళ్లు ఫిన్ అడుగున చిన్న అంకెల్లో చాలు. నాన్నగారి పేరు ముక్కు దగ్గర వద్దు, కాక్‌పిట్ పక్కన పైలట్ల పేర్లు రాసే ఆచారం ఉంది, అది వాళ్ల చోటు. ఆయన పేరు వెండి భాగం మీద, ఆ గీతకి ఆనుకుని, నిజం విమానం మీద సర్వీసింగ్ సూచనలు ఎంత చిన్నగా రాస్తారో అంత చిన్నగా ఉండాలి. వెతికితే కనపడేలా. హెచ్‌ఏఎల్ లోగో, మూడు రంగుల తోక, పొట్ట కింద వాక్యం, మూడూ తీసేయండి. గుండ్రటి చిహ్నం ఎలాగూ ఉంటుంది, అందులో మూడు రంగులూ ఉన్నాయి. బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. కొన్ని కిట్లలో కాషాయం మరీ ఎర్రగా ప్రింటవుతుంది, ఫోటోతో పోల్చుకుని చూడండి.

కిట్ సంగతి. 1:48లో చెక్ కంపెనీ ఎడ్వార్డ్ వాళ్ల బిస్ తీసుకోండి, చెక్కిన గీతలు సన్నగా, అతుకులు చక్కగా ఉంటాయి. బైసన్ అంటే బిస్‌నే ఆధునీకరించినది, సుమారు 125 విమానాలకి అలా చేశారు. బయటికి బాగా తెలిసే తేడా ముందు అద్దం. బిస్‌కి మధ్యలో ఫ్రేములతో మూడు ముక్కల అద్దం, బైసన్‌కి ఒకే వంపు అద్దం. కిట్‌లోని అద్దం మీద ఫ్రేము గీతల్ని సన్నటి సాండ్ పేపర్‌తో అరగదీసి, ఇంకా సన్నటి నంబర్లతో తడి మీద రుద్ది, చివర్లో టూత్‌పేస్ట్‌తో పాలిష్ చేస్తే మళ్లీ మెరుస్తుంది. ఓపిక ఉంటే చేయండి. లేదంటే బిస్‌గానే ఉంచేయండి, ఇంజిన్ రెండింటికీ ఆర్-25 కుటుంబానిదే, నాన్నగారు అద్దం ఫ్రేముల గురించి పోట్లాడరు. ఫ్లేర్లు (క్షిపణుల్ని దారి మళ్లించే మంటలు) వదిలే పెట్టెలు, అదనపు యాంటెనాలు ఫోటోలు చూసి ప్లాస్టిక్ ముక్కలతో చేసుకోవచ్చు. ఒకే విమానం ఫోటోలు నాలుగైదు చూడండి, నాలుగైదు విమానాలవి కలిపి చూస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. రెక్కల కింద క్షిపణులు వేలాడదీయొద్దు, మధ్యలో ఒక ఇంధన ట్యాంక్ చాలు.

ట్యాంకులు చేసినవాళ్లకి జెట్‌తో వచ్చే కొత్త తలనొప్పి బరువు. మిగ్-21 మోడల్ వెనక్కి కూలబడుతుంది, ముందు చక్రం గాల్లో తేలుతుంది. బాడీ రెండు సగాలు అతికించకముందే ముక్కులోని కోను లోపల, కాక్‌పిట్ చుట్టూ బరువు కూరాలి. చేపల వలకి కట్టే సీసం గుళ్లు మీ వైపు సులువుగా దొరుకుతాయి, సుత్తితో కాస్త అణిచి ఎపాక్సీతో అంటించండి. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. సరిపోయిందో లేదో చూడ్డానికి రెక్కలు, తోక టేపుతో పెట్టి పెద్ద చక్రాలుండే చోట వేళ్ల మీద నిలబెట్టండి, ముక్కు కిందికి వంగాలి. ఇంకొకటి, ముక్కులో గాలి వెళ్లే గొట్టం, మధ్యలో కోను రంగు వేసి, ఆరాక మాత్రమే బాడీ మూయండి. ఆ పైన అక్కడికి బ్రష్ పోదు.

రంగులు వేసేముందు డిజైన్‌ని కాగితం మీద ఖాయం చేసుకోండి. కిట్‌తో వచ్చే నాలుగు వైపుల బొమ్మని 1:48 సైజుకి జిరాక్స్ తీయించి రంగు పెన్సిళ్లతో నింపండి, ఆ కాగితం బొమ్మలోంచి ఫిన్ గుర్తులు కత్తిరించి మోడల్ మీద టేపుతో అంటించి ఒక రోజు అలా టేబుల్ మీద వదిలేయండి. పొద్దున కళ్లకి నచ్చింది సాయంత్రం నచ్చకపోవచ్చు. ఈ పనికి ఖర్చేమీ లేదు, అయినా ఎందుకో ఎవరూ చేయరు.

వరస ఇదీ: మొదట బూడిద రంగు ప్రైమర్ (అడుగు పూత) మొత్తానికి, అతుకుల్లో గీతలు కనిపిస్తే పుట్టీ, సాండ్ పేపర్, మళ్లీ ప్రైమర్. వెండి రంగు ఏ లోపాన్నీ దాచదు, చిన్న గీతని కూడా ఊరంతా చాటింపు వేస్తుంది, అందుకే వెనక భాగానికి ఎక్కువ సమయం ఇవ్వండి. తర్వాత ముందు భాగం బూడిద రంగులు, దాని మీద నిగనిగలాడే గ్లాసీ వార్నిష్. బాగా ఆరాక ముందు భాగాన్ని పూర్తిగా కప్పండి, గీత దగ్గర సన్నటి టమియా టేపు, మిగతాచోట కాగితం. ఇప్పుడు వెనకంతా నిగనిగలాడే నల్లరంగు, అది గట్టిపడ్డాక ఆల్‌క్లాడ్ లాంటి మెటల్ రంగు పలచగా మూడు నాలుగు పూతలు. నలుపు ఎంత నున్నగా ఉంటే వెండి అంత బాగా మెరుస్తుంది. వెండిని చివర్లో వేయమంటున్నది ఎందుకంటే దాని మీద టేపు అంటించి పీకితే మచ్చలు పడే ప్రమాదం ఎక్కువ. మొత్తం ఒకే వెండి కాకుండా రెండు మూడు రేకుల్ని కొంచెం ముదురుగా, చివర జెట్ పైపు చుట్టూ కాలిన ఉక్కు రంగులో వేయండి. ఇంజిన్ మనిషి ముందు అక్కడే చూస్తారు.

విజయనగరంలో వర్షాకాలంలో ఈ పని పెట్టుకోకండి. గాల్లో తేమ ఎక్కువున్నప్పుడు లాకర్ రంగులు, వార్నిష్‌లు పాలిపోయినట్టు తెల్లబడతాయి, కంప్రెసర్ గొట్టంలో నీళ్లు చేరి ఎయిర్‌బ్రష్ నుంచి చుక్కలు ఉమ్ముతాయి. మాయిశ్చర్ ట్రాప్ (గాలిలోని తేమని పట్టే ఫిల్టర్) లేకపోతే కొనండి, ఎండ ఉన్న రోజు చూసుకోండి.

స్క్వాడ్రన్ గుర్తులకి డెకాల్స్ (నీళ్లలో తడిపి అంటించే పలచటి బొమ్మలు) మీరే ప్రింట్ చేసుకోవచ్చు. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే, ఇంట్లో వాడే ప్రింటర్ తెలుపు వేయదు. పారదర్శక డెకాల్ కాగితం మీద ప్రింట్ చేసిన పసుపు, ఎరుపు వెండి మీద పెట్టగానే మాయమైపోతాయి. తెల్ల డెకాల్ కాగితం వాడి గుర్తు అంచుకి ఆనించి కత్తిరించండి, లేదా ఆ గుర్తు ఆకారంలో ముందు తెల్ల పెయింట్ వేసి దాని మీద పారదర్శక డెకాల్ పెట్టండి. ఇంక్‌జెట్ ప్రింట్ అయితే నీళ్లలో వేసే ముందు స్ప్రే వార్నిష్ రెండు పలచటి పూతలు తప్పనిసరి, లేకపోతే ఇంకు నీళ్లలో కలిసి పోతుంది. ఏళ్ల అంకెలకి డెకాల్ కంటే స్టెన్సిల్ మేలు. బళ్ల నంబర్ ప్లేట్లు చేసే రేడియం షాపు వాళ్ల దగ్గర కట్టింగ్ మెషిన్ ఉంటుంది, మీ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తే చిన్న స్టిక్కర్‌గా కోసిస్తారు. ఆ స్టిక్కర్ జిగురు గట్టిది, వెండిని పీకేస్తుంది, కాబట్టి ప్యాంటు మీద నాలుగైదు సార్లు అంటించి తీసి జిగురు చంపాకే మోడల్ మీద పెట్టండి. పేరు మాత్రం తెలుగులో రాస్తే స్టెన్సిల్ కుదరదు. ఆ సైజులో మన అక్షరాల లోపలి సున్నాలు, తలకట్లు ఊడిపోతాయి, దానికి డెకాలే దిక్కు.

నాన్నగారికి చూపించకుండా దాచి చేసి ఆశ్చర్యపరుద్దామని ఉందేమో. నా సలహా వేరే. జెట్ పైపు రంగు వేసే రోజు ఆయన్నే పిలిచి అడగండి, లోపల ఎంత నలుపు, ఎక్కడ నీలంగా కాలుతుంది అని. ఆ వివరం ఏ ఫోటోలోనూ అంత బాగా దొరకదు.

ప్రశ్న: అన్నా, నాకు ఎయిర్‌బ్రష్ లేదు, కొనే డబ్బు కూడా లేదు. కార్లకి కొట్టే స్ప్రే డబ్బాతో ఫైటర్ జెట్‌కి రంగు వేయొచ్చా? – ఇంజనీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: వేయొచ్చు తమ్ముడూ, కాకపోతే నేరుగా ప్లాస్టిక్ మీద కాదు. కారు పెయింట్‌లోని థిన్నర్ కిట్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, గీతలన్నీ మెత్తబడిపోతాయి. ముందు మోడల్స్ కోసమే చేసిన ప్రైమర్ డబ్బా ఒకటి కొను, దాని మీద కారు రంగు బాగా దూరం నుంచి, పలచగా, దుమ్ము పడినట్టు కొట్టు. కిట్‌లో మిగిలిన ఫ్రేము ముక్కల మీద ఒకసారి పరీక్షించి చూడు. ఒక రంగు మొత్తానికి స్ప్రే, గుర్తులు, చారలు చేత్తో, ఇలా పెట్టుకుంటే డబ్బాతోనే మంచి పని అవుతుంది. చలికాలం పొద్దున అయితే డబ్బాని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి కొడితే తుంపర సన్నగా వస్తుంది. పొయ్యి మీద మాత్రం పెట్టకు, పేలుతుంది. డాబా మీదకెళ్లి మాస్క్ పెట్టుకుని కొట్టు, హాస్టల్ రూములో తలుపులేసుకుని కాదు.

ప్రశ్న: నేను చేసిన మోడల్‌కి సొంత రంగులు వేస్తే, "అసలు ఇలాంటి విమానం లేదు కదా" అని తోటివాళ్లు ఎద్దేవా చేస్తున్నారు. ఊహించి వేయడం తప్పా? – హైదరాబాద్

జవాబు: తప్పేమీ లేదు. స్టాండ్ మీద "ఊహాత్మకం" అని ఒక చిన్న పలక పెట్టండి, వాదన అక్కడితో ఆగిపోతుంది. పెట్టకపోతే మాత్రం వాళ్ల కోపంలో కొంచెం న్యాయముంది, ఎందుకంటే పదేళ్ల తర్వాత ఆ ఫోటో చూసి ఎవడో ఒకడు నిజమనుకుంటాడు. అయినా ఊహకి కూడా లెక్క ఉండాలి. ఫలానా స్క్వాడ్రన్ ఎప్పుడూ నడపని విమానం మీద దాని గుర్తు వేస్తే చూసినవాడికి గొడవ చేయడానికి మీరే అవకాశం ఇచ్చినట్టు.

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. మా అబ్బాయికి పన్నెండేళ్లు, రెండో ప్రపంచ యుద్ధం రంగులు వేసిన టైఫూన్ జెట్ ఫోటో చూసి అదే చేస్తానంటున్నాడు. ఆ విమానం కథేమిటి? వాడితో చేయించొచ్చా? – కావెంట్రీ నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు చెప్పేది జెడ్‌కే349 నంబరు టైఫూన్. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ (1940లో జర్మనీతో బ్రిటన్ ఆకాశ యుద్ధం) జరిగి 75 ఏళ్లయిన సందర్భంగా 2015లో దానికి ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు మచ్చలు వేసి, పక్కన జీఎన్-ఏ అని పెద్ద అక్షరాలు రాశారు. ఆ అక్షరాలు ఆ యుద్ధంలో జేమ్స్ నికల్సన్ నడిపిన హరికేన్ ఫైటర్‌వి. 1940 ఆగస్టు 16న సౌతాంప్టన్ దగ్గర ఆయన విమానం అంటుకుంది. దూకేయబోతూ ఎదురుగా శత్రు విమానం కనిపిస్తే మంటల్లోనే కూర్చుని దాని మీద కాల్పులు జరిపి, ఆ తర్వాతే దూకాడు. రాయల్ ఎయిర్‌ఫోర్స్ ఫైటర్ కమాండ్ మొత్తంలో విక్టోరియా క్రాస్ (బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం) వచ్చింది ఆయనొక్కడికే. ఆయన ముగింపు మన పక్కనే జరిగింది. తర్వాత ఇండియాకి వచ్చి 27వ స్క్వాడ్రన్‌ని నడిపించాడు, 1945 మే 2న లిబరేటర్ బాంబర్‌లో వెళ్తుండగా ఆ విమానం బంగాళాఖాతంలో కూలిపోయింది. శవం దొరకలేదు. మీవాడికి ఇది చెప్పండి, వైజాగ్ బీచ్‌లో మునకలేసిన పిల్లాడైతే ఆ సముద్రం పేరు వినగానే చెవులు రిక్కిస్తాడు.

పన్నెండేళ్లవాడికి 1:72 సరిపోతుంది, పూర్తయ్యాక సుమారు 22 సెంటీమీటర్ల పొడవొస్తుంది. ఈ స్కీమ్‌లో ఒక సుఖముంది, రెండు రంగులూ 1940 నాటి బ్రిటిష్ ప్రామాణిక రంగులే, అంచేత ఏ బ్రాండ్‌లో అయినా డార్క్ ఎర్త్, డార్క్ గ్రీన్ అనే పేర్లతో దొరుకుతాయి. కలపాల్సిన పని లేదు. ముందు పైభాగమంతా మట్టి రంగు వేయించండి. ఆరాక బ్లూటాక్‌ని (పిండిముద్దలాంటి మెత్తటి జిగురు) సన్నటి పాములా చుట్టి మచ్చల అంచు వెంబడి పెట్టి, మధ్యలో ఆకుపచ్చ. బ్రష్‌తో వేసేట్టయితే రంగుని కాస్త నీళ్లతో పలచన చేసి రెండు మూడు పూతలుగా వేయాలి, ఒక్క దెబ్బకి కప్పేద్దామనుకుంటే బ్రష్ గీతలు మిగిలిపోతాయి. పిల్లలు అందరూ చేసేది అదే, మీరు పక్కన కూర్చుని ఆ ఒక్క విషయంలో ఆపండి చాలు. జీఎన్-ఏ అక్షరాలు కిట్‌లో లేకపోతే హరికేన్, స్పిట్‌ఫైర్‌ల కోసం అమ్మే కోడ్ అక్షరాల షీట్లున్నాయి, సైజు ఫోటోతో పోల్చి కొనండి. ముక్కు పక్కనుండే ఆ రెండు చిన్న రెక్కలు మాత్రం రంగులన్నీ అయ్యాకే అతికించమనండి, ముందే పెడితే చెయ్యి తగిలి విరిగేవి అవే.